కింది రెండు కుట్లు

ఆవు నిలబడే ఉంది.
ఎడమ డొక్క జానెడున్నర తెరుచుకుని ఉంది,
అయినా నెమరేస్తోంది.
మత్తు ఎక్కినంత మేర
దానికి నేను లేను.

కోలాక్‌కి దక్షిణాన, ఆగస్టు చలి, రాత్రి రెండున్నర.
లెస్టర్ షెడ్డు రేకుల్లో దూరి గాలి ఈల వేస్తోంది.
టార్చి పట్టుకున్నది అతని కూతురు టెగన్, పదమూడేళ్ళది.
ఆ చెయ్యి వణికినప్పుడల్లా
గర్భసంచి చీకట్లోకి జారిపోతుంది.
"ఇటు, ఇంకాస్త ఇటు" అంటాను.
బక్కెట్లో వేణ్ణీళ్ళు ఎప్పుడో చల్లారాయి.

వెనకాల గడ్డి మీద దూడ తుమ్మింది.
బతికిందన్నమాట.
తెరవడానికి పావుగంట పట్టింది,
మూయడానికి గంట పైనే.

ముందు గర్భసంచి.
క్రోమిక్ క్యాట్‌గట్, తడిసి మెత్తబడ్డ గోధుమరంగు దారం.
పేరులో పిల్లి ఉంది గాని, ఇది గొర్రె పేగు.
ఎక్కడి గొర్రెదో లోపలిది తెచ్చి
ఈ ఆవు లోపల దాస్తున్నాను.
సూది లోపొర దాటకూడదు, ఏటవాలుగా పోవాలి,
ముడి మడతలో మునిగిపోవాలి.
గరుకు ఏమాత్రం పైకి తేలినా
పేగులొచ్చి అతుక్కుంటాయి,
వచ్చే ఏడు చూలు నిలవదు.
మూణ్ణెల్లకల్లా ఈ దారం ఒంట్లో కరిగిపోతుంది.
నా పనిలో బాగా కుదిరిందంతా
ఎవరూ చూడని చోటే ఉంటుంది.

తర్వాత కండ, రెండు వరుసలు.
గట్టిగా లాగాలనిపిస్తుంది. లాగకూడదు.
నాకు పని నేర్పిన ముసలి డాక్టర్ ఓర్మండ్‌ది ఒకటే మాట:
"దగ్గరికి చేర్చు చాలు, ఉరి బిగించకు.
నెత్తురాడని కండ కుళ్ళుతుంది."
రెండు పెళ్ళిళ్ళలోనూ అది గుర్తురాలేదని
తనే చెప్పుకుని నవ్వేవాడు.

ఆఖర్న తోలు.
లావు నైలాను, వంకర సూది.
గుచ్చితే కిర్రుమంటుంది, బొటనవేలు మొద్దుబారుతుంది.
ప్రతి కుట్టూ తన ముందు కుట్టు మెడలోంచి దూరి రావాలి.
కాలేజీలో దీనికి ఫోర్డ్ ఇంటర్‌లాకింగ్ అని పేరు చెప్పి
బోర్డు మీద బొమ్మ గీసిన రోజు
నేను నోట్సు రాసుకోలేదు.
గుంటూరు మిర్చి యార్డులో మా మేనమామ యలమంద
దబ్బనంతో టిక్కీ మూతి కుట్టేది ఇలాగే.
తుమ్ముతూ, తిడుతూ,
పురికొస పళ్ళతో తెంపుతూ.
ఎండాకాలమంతా ఆయన పెదాలు మండుతూనే ఉండేవి.

కొసకి వచ్చాక ఆగి, దారం తెంపేసి,
కింది రెండు కుట్లూ విడివిడిగా వేశాను.
"అవెందుకు వేరే?"
రాత్రి మొత్తానికి టెగన్ అన్న మొదటి మాట.
చీము పడితే ఆ రెండే విప్పొచ్చు, అన్నాను,
పైదాని జోలికి పోకుండా.
ఇంకేమీ అడగలేదు.
టార్చి మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

మూడు వారాలకు కుట్లు తీయడానికి వెళ్ళాను.
నాలుగు వందల పదిహేడు, దాని పేరు అంతే,
పాలు పిండే వరసలో నిలబడి ఉంది.
మచ్చ సన్నగానే ఉంది,
వెలుగు వణికిన చోట కాస్త వంకర.
దూడ సంగతి అడగలేదు. మగది.
తొమ్మిదో రోజున లారీ వచ్చినట్టు
గోడ మీది క్యాలెండర్లో లెస్టర్ రాత.

పైనుంచి ఒక్కో కుట్టే కత్తిరించుకుంటూ దిగాను.
కింది రెండూ లేవు.
ఊడిపోలేదు, ఎవరో తీశారు.
చుట్టూ అయోడిన్ మరక, పాతది.
లెస్టర్ కేసి చూశాను.
"వాచింది" అన్నాడు. "ఫోన్ చేద్దామన్నాను.
అది వినలేదు, కత్తెర మరగబెట్టుకుని వచ్చింది."

మచ్చ కొస మీద చెయ్యి పెట్టి చూశాను.
ఎక్కడా పొంగు లేదు, పొడిగా ఉంది.
ఆవు తల తిప్పి
నా చెయ్యి వాసన చూసి
మళ్ళీ దాణాలో మూతి పెట్టింది.