మూడో పూత

కాశీనగరంలో మా అద్దె ఇంటికి
వంటగదికీ ముందుగదికీ మధ్య ఒకటే గోడ.
పెచ్చులు లేచిన నీలి సున్నం,
కేలండర్లు పోయి మిగిలిన మూడు మేకులు,
ఎవరో పిల్లాడి ఎత్తు కొలిచిన పెన్సిలు గీత,
గీత పక్కన ఒడియాలో ఒక పేరు.
గోడంతా గరుకు కాగితంతో రుద్దాను గాని
ఆ గీత దగ్గర చెయ్యి ఆగింది.
అరచేతి మేర వదిలేశాను.

బోర్డు కొందామంటే పద్దెనిమిది వందలన్నాడు
పర్లాకిమిడి కొట్టువాడు.
డబ్బా రంగు వేస్తే నిగనిగలాడుతుంది, సుద్ద జారిపోతుంది.
"గోడ మనదేటి?" అన్నాడు దండాసి.
"గోడ వాళ్లది, నలుపు మనది" అన్నాను.

నలుపు చెయ్యడం అత్తకి తెలుసు.
అక్షరమ్ముక్క రాదు.
తమ్ముళ్లు ముగ్గురూ బడికెళ్తుంటే
ఆదివారం ఆదివారం వాళ్ల పలకలకి
దొండాకు పసరూ బొగ్గూ రుద్దిన చెయ్యి.

కొబ్బరి చిప్పలు పదిహేడు కాల్చాం.
రోట్లో నూరితే
ఆమె ముక్కు, నా మోచేతులు, పిల్లి వీపు
అన్నీ ఒకే రంగు.
దండాసి చచ్చిపోయిన టార్చి సెల్లులు పగలగొట్టి
"ఇదీ కలపండి, మా మాష్టారు కలిపేవోరు" అన్నాడు.
పాత పంచెలో జల్లించి
రాత్రంతా నానిన తుమ్మబంకలో పోస్తే
బకెట్టు నిండా చిక్కటి అమావాస్య.

మొదటి పూత గోడ తాగేసింది.
రెండోది ముట్టుకుంటే వేలికొచ్చింది.
మూడో పూతకి బంక పెంచి
అత్త రెండు వేళ్ల మధ్య తీగ లాగి చూసింది,
అరిసెల పాకం చూసినట్టు.
"ఆరినాక సుద్దముక్క అడ్డంగా అట్టుకుని
గోడంతా తెల్లగా రుద్దీసి తుడిసీయాల.
లేపోతే మొదట రాసింది సచ్చినా పోదు."

ఆరింది.
రుద్దేలోపు కుంతలా మావుసి వచ్చింది.

ఇంటావిడ.
గుమ్మంలో నిలబడి పైనుంచి కిందదాకా చూసింది.
నేను చేతులు కొంగుకి తుడుచుకుంటున్నాను,
కొంగు నల్లబడుతోంది, చేతులు తెల్లబడటం లేదు.
తిట్టలేదు ఆవిడ.
మా మీనమ్మ చేతిలోంచి సుద్ద తీసుకుని
రెండు నెలల పేర్లు, పక్కన అంకెలు రాసింది.
గొడుగులేసుకుని వరసలో నిలబడ్డ ఒడియా అక్షరాలు.
మీనమ్మ, బడిలో మినతి, రెండో క్లాసు,
గొంతెత్తి చదివింది,
ఎక్కడా ఆగకుండా, పద్యం అప్పజెప్పినట్టు,
మా బాకీ మొత్తం.
ఎంత గర్వమో దాని మొహంలో!

దండాసి చెప్పుల వంక చూస్తున్నాడు.
సుద్ద నేనందుకున్నాను.
ఎనిమిదిలో మానేశాక
కిరాణా చీటీ మీద తప్ప రాసిన చెయ్యి కాదు.
"ఇ" ఎటునుంచి మొదలెట్టాలో ఒక్క క్షణం తోచలేదు.
నోట్లో గొణుక్కుంటూ ఆవిడ లెక్క కింద రాశాను:
ఇస్తాం.

"ఏమని?" అంది మావుసి వాళ్ల భాషలో.
"దేబు" అంది మీనమ్మ, నా గొణుగుడు విని.
తర్వాత నా వైపు తిరిగి,
"అమ్మా, నీ అక్షరాలకి గొడుగుల్లేవు, తడిసిపోవా?"

మావుసి నవ్విందో దగ్గిందో తెలీదు. వెళ్లిపోయింది.

దసరాకి ముందే కట్టేశాం.
తడిగుడ్డతో తుడిచాను, చింతపండుతో తోమాను,
అత్త మాటే నిలిచింది.
ఇప్పుడు దాని మీదే అన్నీ:
అత్త పాల గీతలు, ఐదుకో అడ్డగీత,
గ్యాసు వచ్చిన తారీఖు, మీనమ్మ ఎక్కాలు,
నేను రోజుకి రెండు చొప్పున దిద్దించే అ ఆలు.
రాత్రి లైటు పక్కనుంచి పడితే
అన్నిటి అడుగునా బూడిద రంగులో ఆ రెండు నెలలు,
వాటి కింద వంకరగా నా మాట.

"నాలుగో పూత వేసీనా?" అని దండాసి అడిగి నెలైంది.
బొగ్గు డబ్బా అటక మీదే ఉంది.

మీనమ్మ రోజూ గోడకి వీపానించి నిలబడుతుంది.
ఆ పెన్సిలు గీతకి
ఇంకా నాలుగు వేళ్లు.