రెండు గంటల ముందు

అర్ధరాత్రి పన్నెండుకి మంచం కమ్మికి తగిలించేదాన్ని అట్ట:
"నోటికేమీ ఇవ్వరాదు."
ఇరవై రెండేళ్ళు తగిలించాను.
చిరిగితే కొత్తది నేనే రాసేదాన్ని
ఎర్ర స్కెచ్ పెన్నుతో, అరవంలో ఒకటి, తెలుగులో ఒకటి.
గుండ్రటి దస్తూరీ అని పేరు కూడా వచ్చింది నాకు.

కీల్పాక్ దగ్గర మా వార్డు.
సూళ్ళూరుపేట నించి, నాయుడుపేట నించి
తొలి బండెక్కి, స్టీలు క్యారేజీతో దిగేవాళ్ళు.
చెంగమ్మది పదకొండో నంబరు మంచం.
గర్భసంచి ఆపరేషను. మే నెల.
ట్యాంకరు రాని వీధుల్లో రంగురంగుల బిందెలు
మనుషులకన్నా ముందే వరసలో నిలబడ్డ ఏడు.

"సిస్టరమ్మా, ఒక్క గుక్క" అంది ఒంటిగంటన్నరకి.
"నాలిక అట్ట కట్టింది" అంది మూడింటికి.
అయిదింటికి అడగడం మానేసింది.
తడిగుడ్డ పెదాలకద్ది,
దాన్నెక్కడ చప్పరిస్తుందోనని
పక్కనే నిలబడ్డాను, కాపలా.
ముందు కేసు సాగింది. ఆమె వంతు
మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది.
పదిహేనున్నర గంటలు.
ఈ లెక్క నేను ఆ రోజు కట్టలేదు.

ఎవరు చెప్పారు ఇవ్వకూడదని?
పెద్ద సిస్టరు చెప్పింది. ఆవిడకి వాళ్ళ పెద్ద సిస్టరు.
మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం.
భయం నిజమే.
గడియారమే ఎవరూ చూడలేదు.

తరవాత మత్తు డాక్టరు కయల్విళి వచ్చింది,
చేతిలో హెల్మెట్టు, చంకలో నాలుగు కాగితాలు.
"చదివి చెప్పండి సిస్టర్" అని నైట్ డ్యూటీ బల్లమీద పడేసి పోయింది.
నాకొచ్చిన ఇంగ్లీషుతో వేలు పెట్టి చదివాను.
చీట్లు తీసి మనుషుల్ని రెండుగా పంచారట,
సగం మందికి నీళ్ళు, సగం మందికి ఎండునోరు.
కడుపులో మిగిలిందెంతో గొట్టం వేసి కొలిచారట.
తాగినవాళ్ళలో
తాగనివాళ్ళకన్నా ఎక్కువేమీ లేదట.
మంచినీళ్ళు రెండు గంటల్లో దిగిపోతాయట.

ఆ "అట" దగ్గర ఆగిపోయాను.
నా ఉద్యోగమంతా ఒక "అట" మీదే నడిచింది.
ఈ "అట" వెనక లెక్క ఉంది,
లెక్కపెట్టినవాళ్ళ పేరుంది,
ఎక్కడ తాము తప్పి ఉండొచ్చో వాళ్ళే రాసుకున్న పేరా ఉంది.
ఆఖరి పేజీలో చీమతలల్లాంటి అక్షరాల జాబితా,
ఒక్కోదాని పక్కన ఏడు.
ఒకటి నేను ట్రైనింగులో చేరకముందుది.

అంటే చెంగమ్మ అడిగిన రాత్రికే
జవాబు ఎక్కడో అచ్చయి ఉంది.

మొదటి వారమే తప్పు జరిగింది.
"నీళ్ళు తాగొచ్చు" అన్నాను, అంతే అన్నాను.
పుత్తూరు పెద్దాయన కొడుకు ప్రేమగా కాఫీ తెచ్చాడు,
చిక్కటి పాలు, నురగ పైకి.
పాలు నీళ్ళు కావు. ఆరు గంటలు వాయిదా.
ఆయన తిట్టింది కొడుకుని. తిట్టాల్సింది నన్ను.

ఇప్పుడు చెప్పి ఊరుకోను.
"నేనేం చెప్పానో మీరు నాకు చెప్పండి" అంటాను.
"డికాషన్ సరే, పాలచుక్క పడకూడదు.
కొబ్బరినీళ్ళు?" అని వాళ్ళే నన్నడుగుతారు,
అడిగినప్పుడు తెలియకపోతే తెలియదంటాను, పైకి ఫోన్ చేస్తాను.
పేగు మెలికపడ్డవాళ్ళకి, పాత షుగరుతో అరుగుదల మందగించినవాళ్ళకి
లెక్క వేరు. అదీ కాగితంలోనే ఉంది.
అందరికీ ఒకే అట్ట రాసే సుఖం పోయింది.

తెల్లవారుజామున అయిదున్నర.
ఏళుమలై జగ్గు తోసుకొస్తాడు,
బండి చక్రం ఒకటి కీచుమంటుంది.
గ్లాసులు ఒక్కొక్కటే. గుటకలు వినపడతాయి,
ఫ్యాను చప్పుడు మీదుగా.

చెంగమ్మ కుట్లు విప్పించుకోడానికొచ్చినప్పుడు
నా గడ్డం పట్టుకుని అంది,
"కన్నబిడ్డలా చూసుకున్నావు తల్లీ."
ఆ మాట ఇంకా దిగలేదు గొంతులోంచి.

పాత అట్టలు స్టోర్రూములో ఉన్నాయి.
ఒకటి మడిచి జగ్గుబల్ల కాలికింద పెట్టాను, ఊగకుండా.
గుండ్రటి ఎర్ర అక్షరాలు సగం బయటికి కనిపిస్తాయి.
దస్తూరీ, నిజంగానే, చాలా బాగుంటుంది.