రాని బండ్ల లెక్క

కొత్త వంతెన మీద నాకు రాత్రి డ్యూటీ.
టోల్ గదిలో ఒక ఫ్యాను, గొంతు బొంగురుపోయిన రేడియో,
అమ్మ కట్టిచ్చిన అరటికాయ వేపుడు.
పదకొండు దాటాక వచ్చేవి
ఒక పాల లారీ, నిద్రమత్తులో డాక్టరు జీపు,
ఏ కంచె తెంపుకొచ్చిందో ఒక గాడిద.
దానికి చక్రాల్లేవు కనుక రుసుము లేదు.

మీటరు చెప్పింది: ఇవాళ మూడువందల పన్నెండు.
ఒప్పందం చెప్పింది: రోజుకి నాలుగువేలు.
తక్కువైతే తేడా ఊరే కట్టాలి.
మధ్యలోని మూడువేల ఆరువందల ఎనభై ఎనిమిది
హారన్ కొట్టవు, దుమ్ము లేపవు.
అయినా రోజూ దాటుతాయి
మునిసిపాలిటీ ఖజానా మీదుగా.

ఒబ్దూలియో బల్లకట్టు నిజంగా దాటేది.
ఇనుప తాడు, రెండు కప్పీలు, మిగతా పని నదిది.
"నీళ్లకి కూలీ ఇవ్వక్కర్లేదు" అని నవ్వేవాడు.
బడిపిల్లలకి ఊరికే. శవానికి ఊరికే,
వెంట వచ్చేవాళ్లకి సగం.

ఒప్పందంలో నలభై ఒకటో క్లాజు:
ఎగువన ఆరు, దిగువన ఆరు కిలోమీటర్ల లోపు
పోటీ రవాణా ఉండరాదు.
పోలీసులొచ్చి తాడు కోశారు.
అది నీళ్లలో పడ్డ చప్పుడు
సంతకాలు పెట్టిన గదిదాకా పోలేదు.
ఆ గది బొగోతాలో ఉంది,
కిటికీలు తెరుచుకోని మేడలో.

కోర్టులో అడిగాడు ఒబ్దూలియో:
"అమ్మా, నా కట్టు ఎక్కబట్టి వంతెనకి జనం రాలేదన్నారు.
కట్టు పోయి ఏడాదైంది.
ఇప్పుడెవరు ఎక్కించుకుపోతున్నారు వాళ్లని?"

జడ్జి లిహియా చాలాసేపు కాగితాలు తిప్పింది.
ఒప్పందం చట్టబద్ధమే అంది.
తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ,
"ఇది ముగిసేసరికి నాకు డెబ్బై మూడు" అంది.
తీర్పులో ఆ మాట లేదు.

నేనూ వెళ్లాను సాక్ష్యానికి, రిజిస్టరు చంకన పెట్టుకుని.
"మీరు కంపెనీ జీతగాళ్లే కదా?" అన్నాడు లాయరు.
అవునండీ.
జీతం కంపెనీది. లెక్క బండ్లది.

నిన్న రాత్రి రెండింటికి ఒబ్దూలియో వచ్చాడు,
తోపుడుబండి మీద ఆ తాడు చుట్ట, పాత ఇనుము కొట్టుకి.
చక్రం ఉన్నదేదైనా బండే, రూలు ప్రకారం.
జేబులు తడుముకుంటున్నాడు.

నేను గేటెత్తాను.
డబ్బు ఎప్పుడో కట్టేశాం కదా, పద, అన్నాను.
రిజిస్టరు చివరి పేజీలో, పెన్సిలుతో, రాసుకున్నాను:
ఇక రావాల్సినవి
మూడువేల ఆరువందల ఎనభై ఏడు.