రెండో ఇంటి పలక

పార్కుల ఆఫీసులో కుర్రాడు
ఫారం మీంచి తలెత్తకుండానే అడిగాడు:
"పిల్లల వయసెంత?"
"అందరిలోకీ చిన్నవాడికి అరవై రెండు," అన్నాను.
అప్పుడెత్తాడు తల.

సాయంత్రాలన్నీ స్కూలు జట్లవి,
శనాదివారాలు బీరు పందేల వాళ్ళవి.
మిగిలింది మంగళవారం పొద్దున పదింటికి.
పర్లేదు బాబూ, రాసెయ్.
ఈ థండర్ బే ఊళ్ళో మంగళవారం పొద్దున
రక్తం తీసే ల్యాబు వాళ్ళు తప్ప
మాకోసం ఎదురుచూసే వాళ్ళెవరూ లేరు.

లాండ్రీ గోడకి కాగితం అంటించాను,
అడుగున చీలికలు కత్తిరించి
ఒక్కోదాని మీదా నా నంబరు.
వారానికి రెండే చిరిగాయి.
ఒకటి గాలి పట్టుకుపోయుంటుంది.
రెండోది రెయినో హకాలా,
కాగితం మిల్లులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి
కుడిచెవి అక్కడే వదిలేసి వచ్చినవాడు.
నేను తిరిగి ఫోన్ చేస్తే
"ఎవరు పోయారు?" అన్నాడు ముందు.
మా వయసులో ఫోన్ మోగితే అదే పలకరింపు.
"ఎవరూ పోలేదు రెయినో,
మూడో బేస్ ఖాళీగా ఉంది."

ఆపైన నేనే బయల్దేరాను.
ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపినదాన్ని,
ఎవరు ఏ స్టాపులో దిగిపోయారో నాకు తెలుసు.
తలుపులు తట్టాను.
మే నెలాఖరుకి ముప్పై ఒక్కరు, మూడు జట్లు:
కొత్త మోకాళ్ళు,
పాత మోకాళ్ళు,
వెయిటింగ్ లిస్టు.

రూల్సు మా వంటింటి బల్ల మీద రాశాం.
నేల మీద జారకూడదు.
ఒకర్నొకరు గుద్దుకోకూడదు.
కొట్టినవాడు పరిగెత్తలేకపోతే
అతని బదులు ఇంకొకరు పరిగెత్తొచ్చు,
అందుకు ఎవరూ సారీ చెప్పకూడదు
(ఇది మర్లీన్ వబాసీ పట్టుబట్టి చేర్పించింది).
ఇక ఇంటి పలక.
బయల్దేరిన చోటికే చుట్టూ తిరిగొస్తే ఒక పరుగు,
ఈ ఆటంతా అంతే కదా.
కానీ మాకు ఆ పలకలు రెండు:
కాపలా కాసేవాడికొకటి,
ఎనిమిదడుగుల అవతల, వచ్చేవాడికొకటి.
ఉంబెర్తో బల్ల గుద్దాడు, కాఫీ ఒలికింది.
"ఇల్లు రెండేమిటి? ఇది ఆటా, ఫిజియోథెరపీయా?"
"రెండూనూ," అంది మర్లీన్, తుడుస్తూ.

మొదటి రోజు నేలింకా తడి.
నల్ల ఈగలు టోపీల్లోకి దూరుతున్నాయి.
సరస్సు అవతల పడుకున్న రాకాసి కొండ
మమ్మల్ని చూసి ఏమీ లేవలేదు.
అంపైరు లెంపి, లైబ్రరీలో చేసేది.
రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుంది,
మా అందర్లో కొత్త చూపు ఆవిడదే.

మూడో ఇన్నింగ్సులో
రెయినో కొట్టాడు.
బంతి ఎవరికీ చెందని గడ్డిలో పడింది.
అతను కదల్లేదు,
ఆ బ్యాటు ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.
పరిగెత్తు పరిగెత్తు అని మేమంతా అరిచాం,
అందరం కుడిపక్కనే నిలబడి.

చివరికి నడిచాడు, తాపీగా, మొదటి బేస్ దాకా.
అక్కణ్ణించి అతని బదులు మర్లీన్.
జడ తెల్లబడింది గానీ
ఆ కాళ్ళకి ఎవరూ ఆ కబురు చెప్పినట్టు లేదు.
రెండో బేస్, మూడోది,
ఆ వేగంలో ఆమె తన రూలు తనే మరిచి
పాత పలక వైపే దూసుకొస్తోంది,
చేతిలో బంతితో ఉంబెర్తో దానిమీద నిలబడి ఉన్నాడు.

గుద్దుకుంటారనుకుని కళ్ళు మూసుకున్నాను.

"అటు! నీ ఇల్లు అటు!"
అని ఉంబెర్తోయే అరిచాడు చెయ్యి చాపి,
ఆ చాపడంలో బంతి జారవిడిచాడు.

ఎవరు గెలిచారో సరిగ్గా తెలీదు,
లెక్క రాసిన అట్ట వానలో తడిసింది.
పంతొమ్మిదా, ఇరవయ్యా అని
కార్ల దగ్గర చాలాసేపు పోట్లాడుకున్నాం.

వచ్చే మంగళవారం పదింటికి రక్తపరీక్షట రెయినోకి.
నా ముందే ల్యాబుకి ఫోన్ చేసి
బుధవారానికి మార్పించుకున్నాడు.
వాళ్ళేం అడిగారో నాకు వినబడలేదు గానీ
అతను చెప్పింది పార్కింగంతా విన్నది:
"పనుందమ్మా."