ఎక్కువ వస్తే ఏ నంబరు

నేనడిగింది నాలుగు.
వచ్చింది నలభై.
నా చేతిరాత తప్పేమోనని కార్బన్ కాపీ తీసి చూశాను.
నాలుగు పక్కన సున్నా లేదు,
సున్నాలా ముడుచుకున్న చీమ కూడా లేదు.

బెలెం నుంచి పడవలో
జనం ఊగే ఉయ్యాలల కింద, ఉల్లి బస్తాల మీద పడి
ఓబిదుస్ రేవులో దిగిన అట్టపెట్టె.
విప్పితే లిప్‌స్టిక్కులు తూటాల్లా బారులు తీరి,
అన్నీ ఒకటే రంగు:
ఇరవై ఏడో నంబరు, జామగుజ్జు.
బిల్లు మాత్రం బుద్ధిగా
నాలుగింటికే.

మధ్యాహ్నమయితే మా వీధిలో
కొవ్వొత్తులు కూడా నడుం వాలుస్తాయి.
అందుకే ముప్పై ఆరింటినీ ఫ్రిజ్‌లో పెట్టాను
తంబకీ చేప తలకాయ పక్కన.
నీళ్ల సీసా కోసం తలుపు తీసిన వెండెల్
"అమ్మా, చేపకి పెళ్లా?" అన్నాడు.

కంపెనీకి ఫోను చేశాను.
తక్కువ వస్తే ఒకటి నొక్కండి.
పగిలి వస్తే రెండు.
రంగు మారి వస్తే మూడు.
డబ్బు కట్టాలంటే నాలుగు. ఇది రెండుసార్లు చెప్పారు.
ఎక్కువ వస్తే ఏది నొక్కాలో
ఆ గొంతుకి ఎవరూ నేర్పలేదు.

ఒకటి నొక్కాను.
చాలాసేపు వాయిద్యం, ఆఖరికి ఓ అమ్మాయి.
"ఎన్ని తగ్గాయండీ?"
తగ్గలేదు తల్లీ, ముప్పై ఆరు పెరిగాయి.
కాసేపు మీటల చప్పుడు.
"మైనస్ ముప్పై ఆరు తగ్గాయని రాశానండీ,
మిషను ఒప్పుకోవట్లేదు.
మీ పేరు చెప్తారా?"
అంతలో లైను తెగింది.
తెగిందో, నేనే పెట్టేశానో.

మా గ్రూపు లీడరు కెయ్‌లానీ పడీ పడీ నవ్వింది.
దేవుడు కళ్లు మూసుకుని ఇస్తే
నువ్వు ఆయన్ని తట్టి లేపుతావేం జుసిలేన్?
పక్కింటి దోనా వల్దీరా మాటే లేదు,
నేరుగా అద్దం దగ్గరికి నడిచింది.

సగం ధరకి తోసేసినా
వెండెల్ బూట్లు, గ్యాస్ బండ, కిరాణా బాకీ.
లెక్క వేయలేదని అనను.
రెండుసార్లు వేశాను.
రెండోసారి ఇంకా మిగిలింది.

పెట్టె అడుగున వేలెడు చీటీ:
సర్దినది 117.
సరిచూసినది 117.
రాత్రి పదకొండూ నలభై.

ఆ పదకొండూ నలభై నాకు తెలుసు.
పెళ్లికి ముందు మూడేళ్లు
అడవి కాయలు ఒలిచే షెడ్డులో నిలబడ్డాను.
ఆ వేళకి కళ్లు ఇంటికెళ్లిపోతాయి,
వేళ్లు మాత్రం డ్యూటీలో ఉంటాయి.
కిలో తగ్గితే కూలిలో కోత.
కిలో పెరిగినా కోతే,
పైగా సంచీ కుమ్మరించి చూపించాలి
అందరి ముందూ.

తిరిగి పంపితే 117 మెడకి చుట్టుకుంటుంది.
ఉంచుకుంటే నాకు ముద్ద దిగదు.
పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే,
నాకు రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాలుగు.

ఒక్కోటీ పూర్తి ధరకే అమ్మాను.
బడి టీచరమ్మకి రెండు, రేవులో టికెట్ల పిల్లకి ఒకటి,
దోనా వల్దీరాకి అప్పు మీద మూడు
(చేప వాసనొస్తోందని మూతి తిప్పి,
ఆ మూతికే రాసుకుంది).
నా కమీషను తీసుకుని
కంపెనీ వాటా కంపెనీకి, వారం వారం.
నాలుగు నొక్కితే చాలు,
ఎందుకు కడుతున్నావని నాలుగు అడగదు.

నిన్నటి పడవలో ఉత్తరం వచ్చింది.
గౌరవనీయులైన విక్రేత గారికి,
మీ ఖాతాలో రావలసినదాని కంటే ఎక్కువ జమ అయింది,
కారణం తెలియడం లేదు,
దయచేసి ఫోను చేయగలరు.

ఫ్రిజ్‌లో ఇంకా పదకొండున్నాయి.
ఉత్తరాన్ని మడిచి వాటి కింద పెట్టాను.
ఎక్కువ ఇప్పుడు వాళ్ల దగ్గరుంది.
ఏ నంబరు నొక్కుకుంటారో
నొక్కుకోనీ.