ఖాళీ గుంట

అంకెలు వచ్చినయా పిల్లలకు, అని అడిగిన్రు మీరు.
రిజిస్టర్ల గడి సన్నగున్నది మేడమ్,
నా జవాబు అందుల పట్టదు.
నేను టీచర్ తాయిని కాదు, ఖిచిడీ వండేదాన్ని.
అయినా పొయ్యి కాడికెల్లి అన్నీ కనబడుతయి.

పొద్దుగాల్నే వస్తడు ఓదెలు. నాలుగేండ్లు నిండలే.
ముక్కు తుడుచుకోడు గని
గడప కాడ అందరి చెప్పులూ జతలు పెట్టేది వాడే.
మొన్న ఒక్క చెప్పు మిగిలింది.
బడంతా తిరిగిండు, దోస్తుల కాళ్ళన్నీ చూసిండు,
మూలకున్న చీపురు లేపిండు,
దొరికినంక గని పాలు తాగలే.
ఇది ఏ గడిల రాస్తరు?

మా సిరోంచల ఒక్కో అంకెకు ముగ్గురు తల్లులు.
ఇంట్ల రెండు. బడిల దోన్.
జైవంతి వాళ్ళ గోండు గూడెంల రండ్.
ఒకనాడు నా కొంగు గుంజి అడిగిండు ఓదెలు:
"ఆయా, రెండు, దోన్ కలిపితే నాలుగా?"
నవ్వొచ్చింది నాకు. ఎనుకనే భయమైంది.
చెప్పొద్దని కాదు, ఎట్ల చెప్పాల్నో తెల్వక.
వాని అరచేతిల చింతగింజలు రెండు పెట్టిన.
రెండు అను, అన్న. అన్నడు.
దోన్ అను. అన్నడు.
పక్కకొచ్చి నిలబడ్డ జైవంతి, రండ్ అన్నది.
గింజలు పెరగలే, తరగలే,
ఎవ్వరేమని పిలిచినా ఓ అన్నట్టు కూసున్నయి.
వాడు గుప్పిట మూసిండు, తెరిచిండు, మళ్ళ మూసిండు.
ఆ పగలంతా ఆ చేయి ఇడిసిపెట్టలే.

నా సంగతి చెప్పనా?
నాకు లెక్క బెత్తం నేర్పింది.
పదమూడో ఎక్కం నిద్రల అడిగినా తప్పు పోదు.
గని తునికాకు కల్లంల
వంద కట్టలు ఎండకు పేర్చి నిలబడితే
మున్షీ తొంభై రెండు రాసుకున్నడు.
ఎనిమిది ఏడవోయినయని అడగ నోరు రాలే.
ఎక్కం నాలిక మీదున్నది మేడమ్,
చేతులకు దిగలే.
ప్రాణహిత ఒడ్డు పొంటి ఇంటికి నడుస్తుంటే
పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెండ్ల ఇరవయ్యారు,
పాట లెక్క వస్తనే ఉన్నది.

అందుకే ఎనుక వాకిట్ల గుంటలు తవ్విన.
ఇటు ఏడు, అటు ఏడు, ఓమనగుంటలు.
మీరు వచ్చిన్నాడు మట్టి మట్టి చేసిన్రని తాయి మీద కోపమైన్రు,
తవ్వింది నేను.
ఓదెలుకు మొదట్ల గింజలు గుంటల కన్నా నోట్లెకే ఎక్కువ పోయినయి.
ఒక గుంటల రెండు వడ్డయి, ఒక దాంట్ల ఏదీ వడలే.
జైవంతి కోపానికి వచ్చి వాని చేయి పట్టి
ఒక్కొక్కటే, ఒక్కొక్కటే అని వేయించింది.
అంతే, ఇంకెవ్వరు చెప్పలే.

ఆట తెల్సు కదా మీకు?
చేతిల గింజలు అయిపోయినంక
ముంగట ఖాళీ గుంట తగిలితే
దాన్ని అరచేత్తోటి తుడిచి
దాని తర్వాతి గుంటల ఉన్నదంతా తీసుకోవాలె.
ఓదెలు మొదట ఏడ్చిండు, ఏం లేదాండ్ల అని.
ఇప్పుడు ఖాళీ గుంట కోసమే ఎదురుచూస్తడు.
వేసేటందుకు ముందే కండ్లతోటి నడుస్తడు గుంట గుంటకు,
పెదవులు కదుల్తయి, చప్పుడు రాదు.
వేలు మడవడు.
అగో, అప్పుడు చూడాలె మీరు వాని మొఖం.

సున్న రాయరాదు వానికి.
పలక ఇస్తే పామును గీస్తడు.

ఇయ్యాల పదిహేడు మందిల పదహారే వచ్చిన్రు,
లచ్చుబాయి బిడ్డకు జరం.
గిన్నెలు పేర్చేది ఓదెలే.
పదహారు గిన్నెలల్ల నేను ఖిచిడీ పోసుకుంట పోయిన,
ఆఖరుకు ఇంకో గిన్నె ఉన్నది.
ఎవ్వరిదిరా ఇది, అన్న.
"గౌరిది," అన్నడు. "రాలే."
తుడిచి పెట్టిండు మేడమ్, అరచేత్తోటి.

అన్నం మాడుతున్నట్టున్నది, నేను పోత.
గడిల ఏం రాస్తరో మీ ఇష్టం.