ఐదున్నర

త్రియెస్తెలో నాలుగో అంతస్తు.
ఊరి వెనక కొండంతా సున్నపురాయే.
కుళాయి తిప్పితే ఆ కొండే కరిగి వస్తుంది,
అద్దంలా, ఏమీ ఎరగనట్టు.

నివెస్ ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపింది.
ఏ మలుపుకి ఏ గేరో చేతికే తెలుసు.
బాల్కనీ కుండీలో కామెల్లియాకి ఏమొచ్చిందో మాత్రం
మూడు నెలలైనా తెలియలేదు.

పచ్చగా ఉండమని దీవిస్తామే,
ఇది ఆ పచ్చ కాదు.
ఈనెలు ఆకుపచ్చ,
ఈనెల నడుమ అంతా పసుపుపచ్చ,
కామెర్లొచ్చిన కన్నులా.

దాహమేమోనని ఇంకో చెంబు పోసింది.
ఆకలేమోనని గుప్పెడు ఎరువు వేసింది.
ఇంకాస్త పాలిపోయింది.

గీజరు బాగుచెయ్యడానికొచ్చిన జోర్కో
కాఫీ పెట్టే కెటిల్లో వేలు పెట్టి
తెల్లటి పెచ్చు ఒకటి గీరి చూపించాడు.
"కుండీలోనూ ఇదే పేరుకుంటోందమ్మా.
ఇనుము మట్టిలోనే ఉంది,
వేరు నోటికి అందట్లేదు, అంతే."

చింత చచ్చినా పులుపు చావదంటారు.
ఇక్కడ పులుపు ముందే చచ్చింది,
చెట్టు ఇంకా నిలబడి ఉంది.

వాన నీళ్లు పడదామని బేసిన్ పెడితే
బోరా గాలి దాన్ని ఎత్తుకెళ్లి
ఎదురింటి వెస్పా మీద పడేసింది.
ఆ గొడవ వేరే.
చివరికి మిగిలింది వంటింటి వెనిగర్.

బకెట్టు నీళ్లలో ఒక చెంచా. కలిపింది.
రంగు కాగితం ముంచింది.
ఏడున్నర.
బడి పిల్లలు, సంచులు, ఫుట్‌బోర్డు మీద కాళ్లు,
ఊపిరాడని బస్సు.

ఇంకో చెంచా. ఆరుంబావు.
చేపల బజారు ఆడవాళ్లు, తడి బుట్టలు.
కిటికీ పక్కన చోటుంది.

ఇంకొంచెం, చెంచాలో సగం. కాగితం మెల్లగా
పండిన నిమ్మ రంగుకి తిరిగింది.
కళ్లజోడు పైకి నెట్టి డబ్బా మీది గళ్లతో పోల్చింది.
ఒకసారి కాదు, మూడుసార్లు.

పాత ఆకులు మళ్లీ పచ్చబడవని జోర్కో ముందే చెప్పాడు.
వాటిని తుంచలేదు.
కొమ్మ చివర కొత్తది ఒకటి
మడత విప్పుతోంది, ఇంకా ఏ పచ్చో తేలలేదు.

బాల్కనీ అంతా ఊరగాయ జాడీ వాసన.
ఐదున్నర, అంది పైకే.
డిపో గేటు తెరిచే వేళ.
తొలి బస్సు, ఖాళీ సీట్లు,
ముందంతా దారి.